“అక్కడ నాకు నత్తి లేదమ్మా” అంటున్నాడు, ఫోన్ లాక్కోవాలా?

ప్రశ్న:

మేడం గారికి నమస్కారం. మాది పలాస దగ్గర పల్లెటూరు. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్తాను. మా ఆయన ఒమన్‌లో వెల్డరు. బాబు తొమ్మిదో తరగతి. చిన్నప్పటి నుంచి వాడికి నత్తి. పిల్లలు వెక్కిరిస్తారని స్కూల్లో ఎవరితోనూ కలవడు. వాళ్ల నాన్న ఫోన్ చేసినా ‘ఊ’, ‘ఆ’ తప్ప మాట్లాడడు. ఏడాదిగా ఫోన్‌లో ఒక ఆట పట్టుకున్నాడు. అందులో వీడికో బొమ్మ మనిషి, ఇల్లు, స్నేహితులు ఉన్నారు. రోజూ మూడు నాలుగు గంటలు అందులోనే. ఇంట్లోనే ఉంటాడు గానీ ఊళ్లో లేనట్టే. ఎఫ్ఏ పరీక్షల్లో మార్కులు తగ్గాయి. పోయిన నెల నా ఖాతాలోంచి 4,870 రూపాయలు పోయాయి. చూస్తే ఆటలో ఏవో కొన్నాడు. తిడితే ఏడ్చేసి, “అక్కడ నాకు నత్తి లేదమ్మా” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మా మరిది ఫోన్ పగలగొట్టెయ్యమంటున్నాడు. ఈ ఆటల్ని గవర్నమెంటు నిషేధించింది కూడా అంటాడు. వీడేమో పెద్దయ్యాక ఇలాంటి ఆటలే తయారుచేసి సంపాదిస్తానంటాడు. అందులో ఎవరో ఒక అన్న పరిచయమయ్యాడట, గిఫ్టు కూడా ఇచ్చాడట, వేరే యాప్‌లోకి రమ్మంటున్నాడట. ఏటి సెయ్యాలో తెలీటం లేదు. మీరే చెప్పాలి.

(పేరు వద్దు), శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డబ్బు గురించి రాశారు, మార్కుల గురించి రాశారు, మరిది గురించి రాశారు. ఆ ‘అన్న’ సంగతి మాత్రం చివర్లో, బస్సెక్కబోతూ గుర్తొచ్చినట్టు ఒక్క ముక్క రాశారు. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. మిగతావి వారం ఆగినా కొంప మునగదు. ఇది మాత్రం ఇవాళ రాత్రే చూడాలి.

ఇలాంటి ఆటల్లో పిల్లలు రాసుకునే మాటల మీద కంపెనీ కాపలా ఉంటుంది. కొన్నిటిలో ఫోన్ నంబరో, అడ్రసో టైప్ చేస్తే అక్షరాల బదులు వరసగా హ్యాష్ గుర్తులు పడతాయి. చెడ్డ ఉద్దేశంతో వచ్చినవాడికి ఆ కాపలా మధ్య పని జరగదు. అందుకే “ఇక్కడ మాట్లాడుకోవడం కష్టం తమ్ముడూ, ఆ యాప్‌లోకి రా” అంటాడు. ముందు చిన్న గిఫ్టు, తర్వాత వేరే యాప్, తర్వాత ఫొటో, ఆ తర్వాత బెదిరింపు. సైబర్ పోలీసులకి ఈ వరస కొట్టిన పిండి. 2025లో అమెరికాలోని లూసియానా, టెక్సస్ రాష్ట్రాలు రాబ్లాక్స్ అనే పెద్ద ఆటల కంపెనీ మీద కోర్టుకెక్కింది పిల్లల భద్రత విషయంలోనే. కెమెరాకి ముఖం చూపించి వయసు అంచనా వేయించుకుంటే తప్ప చాట్ చేయనివ్వమని ఆ కంపెనీ ఇప్పుడు నిబంధన పెట్టింది. మంచిదే. కాకపోతే వేరే యాప్‌లోకి వెళ్లిపోయిన పిల్లాడికి ఆ నిబంధన ఏ రకంగానూ అక్కరకు రాదు.

అలాగని ఆ అన్న దుర్మార్గుడే అని నేను తీర్పు చెప్పడం లేదు. ఇంటర్ చదివే కుర్రాడెవరో నిజంగానే ముచ్చటపడి ఇచ్చి ఉండొచ్చు. మీరు మీవాణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: “ఇంట్లో చెప్పొద్దన్నాడా?” అవునంటే ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

అడిగే తీరు మాత్రం జాగ్రత్త. మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని పంచాయితీ పెట్టొద్దు. నత్తి ఉన్న పిల్లాడి ఎదురుగా ఇద్దరు పెద్దవాళ్లు నిలబడి ‘చెప్పు, చెప్పు’ అంటే వచ్చే మాట కూడా గొంతులోనే ఉండిపోతుంది. అన్నాలయ్యాక పక్కన కూర్చుని, “నువ్వేదో తప్పు చేశావని అడగట్లేదు నాన్నా. ఆ అన్న ఏం రాశాడో నాకు చూపించు, చాలు” అనండి. చెప్పమనొద్దు, చూపించమనండి. ఫొటో అడిగినట్టు గానీ భయపెట్టినట్టు గానీ ఉంటే కంగారులో ఏదీ చెరిపెయ్యకండి. ముందు స్క్రీన్‌షాట్లు తీసి దాచాలి, తర్వాత బ్లాక్ చేయాలి. 1098 పిల్లల హెల్ప్‌లైను, ఏ వేళప్పుడైనా చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్లో పిల్లల మీద జరిగే ఇలాంటి నేరాల గురించి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. డబ్బు మోసమైతే 1930. వాడు ఇప్పటికే ఏదైనా ఫొటో పంపేసి ఉంటే, మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ‘తప్పు నీది కాదు’ అనే ఉండాలి. తిట్లు తర్వాత ఎప్పుడైనా తిట్టుకోవచ్చు, అసలు తిట్టకపోయినా నష్టం లేదు.

ఇక నన్ను రాత్రి నిద్రపోనివ్వని మాట, ఆ నత్తి మాట.

నేను 34 ఏళ్లు విజయనగరం చుట్టుపక్కల స్కూళ్లలో తెలుగు చెప్పాను. ఒక ఏడాది పదో తరగతిలో నత్తి ఉన్న పిల్లాడు ఉండేవాడు. అటెండెన్సు పిలిస్తే ‘ప్రెజెంట్’ అనలేక చెయ్యెత్తేవాడు, నేను తలెత్తి చూసి టిక్కు పెట్టుకునేదాన్ని. వార్షికోత్సవానికి హరిశ్చంద్రుడి కాటి సీను వేయిస్తున్నాం. రెండు రోజుల ముందు వీరబాహుడి వేషం వేసేవాడికి జ్వరం. ఈ పిల్లాడొచ్చి, ‘నేను వేస్తాను మేడం’ అని కాగితం మీద రాసిచ్చాడు. నాకు గుండె దడ. కాదంటే చిన్నబుచ్చుకుంటాడని సరేనన్నాను. మొహానికి మసి పూసి, బుర్రమీసం అంటించి, భుజాన కర్ర పెట్టుకుని స్టేజీ ఎక్కినవాడు ఒక్క ముక్క తడబడితే ఒట్టు. దిగి, పంపు దగ్గర రంగు కడుక్కుంటూ నన్ను చూసి ‘మే... మే... మేడం’ అని ఆగిపోయాడు. ఆ రోజు అదేదో మాయ అనుకున్నాను. మాయేం కాదని చాలా ఏళ్ల తర్వాత స్పీచ్ థెరపిస్టు ఒకావిడ చెప్పింది. పాట పాడేటప్పుడు, నలుగురితో కలిసి వల్లెవేసేటప్పుడు, ఇంకొకరి వేషంలో ఇంకొకరి గొంతుతో పలికేటప్పుడు చాలామందికి నత్తి తగ్గిపోతుందట.

మీవాడు అక్కడ కట్టింది కూడా వేషమే. ఆ బొమ్మ మనిషిని అవతార్ అంటారు. 1986లో అమెరికాలో లూకస్‌ఫిల్మ్ వాళ్లు తయారుచేసిన హ్యాబిటాట్ అనే తొలినాటి ఆన్‌లైన్ లోకంలోనే ఈ మాట వాడారు. (శ్రీకూర్మాన్ని మీ జిల్లాలోనే పెట్టుకున్న మీకు అవతారం గురించి వాళ్లు చెప్పాలా!) పైగా అక్కడ మీవాడు మాట్లాడేది వేళ్లతో. వేళ్లకి నత్తి ఉండదు. ఎదుటివాడు వాడి మొహం చూడడు, మాట పూర్తయ్యేదాకా వాచీ చూసుకోడు, మధ్యలో మాట అందించడు.

కాబట్టి “పిల్లాడు ఆటలో పడి చెడిపోతున్నాడు” అన్న ఒక్క వాక్యంతో ఈ విషయం తేల్చలేం. నార్వేలో మాట్స్ స్టీన్ అనే కుర్రాడుండేవాడు. డూషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ అని, కండరాలు ఏడాదికేడాది క్షీణించిపోయే జబ్బు. చక్రాల కుర్చీలోనే పెరిగాడు. చివరి ఏళ్లలో వేళ్లు తప్ప పెద్దగా ఏవీ కదిలేవి కావు. రోజంతా వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో ఉండేవాడు. స్నేహితులు లేకుండా, ఎవరికీ తెలియకుండా కొడుకు బతుకు గడిచిపోతోందని తల్లిదండ్రులు లోలోపల కుమిలిపోయేవారు. 2014లో, 25వ ఏట అతను పోయాడు. కొడుకు వదిలి వెళ్లిన పాస్‌వర్డ్‌తో తండ్రి అతని బ్లాగు తెరిచి చనిపోయిన వార్త రాశాడు. ఇక అక్కణ్ణుంచి ఈమెయిళ్లు వరద కట్టాయి. ఆటలో అతని పేరు ఇబెలిన్. ఎంతోమంది ఆ ఇబెలిన్‌కి కష్టసుఖాలు చెప్పుకునేవారట. అంత్యక్రియలకి వేరే దేశాల నుంచి కూడా ఆటలోని స్నేహితులు వచ్చారు. ఆటిజం ఉన్న కొడుక్కి దగ్గర కాలేకపోతున్న ఒక తల్లికి, ముందు ఆటలో వాణ్ణి కలవమని సలహా చెప్పింది కూడా అతనే.

ఆ తల్లికి చెప్పిన సలహానే నేను మీకూ చెప్పబోతున్నాను. ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు మాట్స్ కథలో నాకు గుచ్చుకునే విషయం చెప్పాలి. కొడుక్కి అంతమంది ఉన్నారని ఆ తల్లిదండ్రులకి తెలిసింది కొడుకు పోయాక. మాట్స్ కూడా తన జబ్బు సంగతి ఆ స్నేహితుల దగ్గర చాలాకాలం దాచాడు. ఒకే ఇంట్లో రెండు లోకాలు, మధ్యలో ఒక తలుపు. ఇటువాళ్లు తట్టలేదు, అటునుంచి తీయలేదు.

మాట్స్‌కి మన లోకంలో తిరిగే దారి లేదు. మీవాడికి ఉంది, అదీ తేడా. నత్తికి భయపడి మాట తప్పించుకుంటున్న కొద్దీ భయం పెరుగుతుంది. షాపులో అడగడం మానేస్తాడు, తర్వాత ఫోనెత్తడం మానేస్తాడు, తర్వాత చెయ్యెత్తడం కూడా మానేస్తాడు. పక్కనే హాయిగా మాట్లాడగలిగే లోకం ఒకటి దొరికితే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఆట వల్ల నత్తి రాలేదు, కానీ నత్తికి వైద్యం చేయించాల్సిన కాలాన్ని ఆట తినేస్తోంది. చిన్నప్పటి నుంచి ఉందని రాశారు, ఎక్కడైనా చూపించినట్టు రాయలేదు. మీ జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆస్పత్రిలో డైక్ సెంటర్ (పిల్లల్లో లోపాల్ని ముందే గుర్తించి వైద్యం చేసే విభాగం) ఎక్కడని అడగండి. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకి మాట, వినికిడి లాంటివి అక్కడ ఉచితంగా చూస్తారు. స్కూలుకి పిల్లల్ని పరీక్షించడానికి వచ్చే డాక్టర్ల బృందం కూడా అక్కడికి రాసిస్తుంది. ఒక్క రోజు కూలి పోతుంది, పోనివ్వండి.

ఇప్పుడు ఆ తలుపు సంగతి. మీరు ఒకసారి ఆ ఆటలోకి వెళ్లండి. నవ్వకండి, నేనూ వెళ్లాను. కరోనా రోజుల్లో మా మనవడు మైన్‌క్రాఫ్ట్ అనే దాంట్లో చదరపు దిమ్మలు పేర్చి ఏవేవో కడుతుండేవాడు. నాకో బొమ్మ మనిషిని ఇచ్చి నడిపించమన్నాడు. రెండడుగులు వేసి చెరువులో పడ్డాను. ఒడ్డెక్కడానికి పావుగంట పట్టింది. వాడు పడీ పడీ నవ్వాడు. ఆ ఏడాది పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి జనాన్ని రానివ్వలేదు కదా, వాడు సిరిమాను అక్కడ కడతానన్నాడు. “నాయనమ్మా, మాను ఎంత పొడుగు?” 60 అడుగుల లెక్కన కట్టమన్నాను. “అడుగులు కాదు, మీటర్లు కావాలి” అన్నాడు. అందులో ఒక దిమ్మ అంటే ఒక మీటరట. 60 అడుగులంటే 18 మీటర్ల పైచిలుకు, కాబట్టి 18 దిమ్మలు. వరసగా పేర్చాడు గానీ మాను ఏటవాలుగా లేవాలి కదా, చదరపు దిమ్మలతో అది మెట్లు మెట్లుగా వచ్చింది. మూడుసార్లు కూల్చి కట్టాడు. చివర్న పూజారి కూర్చోవడానికి పీట కూడా పెట్టాడు. గుడి నుంచి కోట దాకా దారి వేశాక, “మూడుసార్లు తిరగాలి, లెక్క నువ్వు చూడు” అని నన్ను నిలబెట్టాడు. లెక్కల పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోని వాడు ఆ రోజు అడుగుల్ని మీటర్లలోకి మారుస్తూ గంటన్నర కూర్చున్నాడు.

మంచి ఉందంటే ఇలాంటి మంచే. ఈ లోకాల్లో కట్టే పిల్లలుంటారు, కొనే పిల్లలుంటారు. మీవాడు రోజుకి నాలుగు గంటల్లో ఏం చేస్తున్నాడన్నది గంటల లెక్క కన్నా ముఖ్యం. అది పక్కన కూర్చుంటే తప్ప తెలియదు. “నీ ఇల్లు చూపించరా” అనండి. ఒకరి ఇంటికి వెళ్లినప్పుడు చూసినట్టే చూడండి, సెల్లు తనిఖీ చేసినట్టు కాదు.

వాళ్ల నాన్నని కూడా తీసుకెళ్లండి. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి అన్నిటికన్నా పెద్ద నరకం ఫోన్. మొహం కనిపించదు, మాట ఆగితే అవతలివాళ్లు ‘హలో, హలో’ అంటారు. తండ్రి మీద ప్రేమ లేక కాదు వాడు ‘ఊ’, ‘ఆ’ అంటున్నది. మీ ఆయన ఆ ఆట తన ఫోన్‌లో వేసుకుని, సెలవు రోజున ఒక అరగంట కొడుకుతో అందులో తిరిగితే చాలు. మన గడియారానికి ఒమన్ గంటన్నర వెనక, కాబట్టి వేళ కుదరకపోదు. కొన్ని ఆటల్లో పెద్దవాళ్లకీ పిల్లలకీ మధ్య చాట్ కుదరదు. కలిసి గోడ కట్టడానికి మాటలెందుకు? సముద్రం అవతల వెల్డింగు చేసే తండ్రీ, పలాసలో తొమ్మిది చదివే కొడుకూ కలిసి ఒక పని చేయగలిగే చోటు ఇంకెక్కడుంది చెప్పండి.

డబ్బు దగ్గరికి వద్దాం. ఈ ఆటల్లో రూపాయలు నేరుగా ఖర్చు కావు. రూపాయలిచ్చి వాళ్ల నాణేలు కొనాలి, ఆ నాణేలతో చొక్కాలు, టోపీలు, రెక్కలు కొనాలి. రూపాయి ఒకసారి నాణెంగా మారిపోయాక అది అమ్మ కష్టమని పిల్లాడికి గుర్తుండదు, గుర్తుండకూడదనే ఆ ఏర్పాటు. ‘ఈ రోజే దొరుకుతుంది, రేపు ఉండదు’ అని ఊరించడం, మూసి ఉన్న పెట్టెలో ఏముందో తెలియకుండా కొనిపించడం, రోజూ వస్తేనే బహుమతి అనడం, ఇవన్నీ పెద్దవాళ్ల జేబులే ఖాళీ చేయించగల ఉపాయాలు. పద్నాలుగేళ్ల పిల్లాడెంత.

4,870 రూపాయల్ని పొట్టు తీసే కూలిలోకి మార్చి, ఎన్ని రోజులవుతుందో వాడి చేతే లెక్క వేయించండి. క్యాలెండరు వెనక రాయమనండి. సాధించడానికి కాదు, ఒక్కసారే, తర్వాత ఆ ఊసెత్తొద్దు. యూపీఐ పిన్ మార్చేయండి. (రీఛార్జులు, కరెంటు బిల్లులు వాడే కడుతుంటాడు కదూ? ప్రతి ఇంట్లోనూ అంతే. ఇక నుంచి వాడు అంతా నొక్కినా పిన్ మాత్రం మీరు కొట్టండి.) ప్లే స్టోర్లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగు ఉంటుంది, అది పెట్టించండి. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే వెంటనే చూసుకోండి. గూగుల్ ప్లేలో కొన్న 48 గంటల లోపు అడిగితే చాలా సందర్భాల్లో డబ్బు వెనక్కి వచ్చే వీలుంది.

సంపాదిస్తానంటున్నాడు కదా. ఆ మాట కొట్టిపారేయకండి, నమ్మి కూర్చోకండి. సెకండ్ లైఫ్ అనే లోకం 2003లో మొదలైంది. అందులో స్థలాలు కొని అమ్మి నిజం డబ్బు సంపాదిస్తున్న ఒకావిడ బొమ్మని 2006లో అమెరికాలో ఒక పత్రిక ముఖచిత్రంగా వేసింది. స్వీడన్ దేశం 2007లో అందులో రాయబార కార్యాలయం లాంటిది తెరిచి, కొన్నేళ్లకి మూసేసింది. అప్పట్లో ఎగబడి దుకాణాలు తెరిచిన కంపెనీలూ చాలావరకు వెళ్లిపోయాయి. రాబ్లాక్స్‌లో పిల్లలు తయారుచేసిన ఆటలకి నిజంగానే డబ్బొస్తుంది, కానీ కనీసం 30,000 రోబక్స్ (అక్కడి నాణేలు) సంపాదిస్తేనే డాలర్లుగా మార్చుకోనిస్తారు, అదీ మనం కొనేటప్పటి ధరలో సగం కూడా రాదు. ఎక్కువమంది పిల్లలు ఆ గీత దాకా చేరరు. కాకపోతే ఆ ఆటలు తయారుచేసే స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యువా అనే అసలైన ప్రోగ్రామింగ్ భాష నుంచి వచ్చిన భాషలో రాయాలి, కంప్యూటర్ కావాలి. మీవాడి స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ ఉంటే సారుని అడగమనండి. ఫోన్‌లో రెక్కలు కొన్నవాడు కంప్యూటర్ ముందు కూర్చుని రెక్కలు చేయడం నేర్చుకుంటే, డబ్బు రాకపోయినా చేతికో విద్య వస్తుంది. అడగడానికి ఎలాగూ నోరు తెరవాలి, అదొక లాభం.

అక్కడ కట్టిన ఇల్లు మనది కాదన్న సంగతి కూడా వాడికి తెలియాలి. క్లబ్ పెంగ్విన్ అని పిల్లలకి ఎంతో ఇష్టమైన లోకం ఒకటి 2005లో మొదలైంది. 2017 మార్చిలో కంపెనీ దాన్ని మూసేసింది. ఏళ్ల తరబడి సర్దుకున్న మంచు ఇళ్లు, పెంపుడు బొమ్మలు ఒక్కరోజులో లేకుండా పోయాయి. మీ వైపు వాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని ఏం చేసిందో మీవాడికి లీలగానైనా గుర్తుంటుంది. అప్పుడు నష్టపరిహారం రాసుకోవడానికైనా ఒకరొచ్చారు. కంపెనీ సర్వర్ ఆపేస్తే రాసుకునేవాడు కూడా ఉండడు.

మీ మరిది గారి మాట. గవర్నమెంటు నిషేధించిందన్నది సగమే నిజం. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు ఒడ్డి, డబ్బు గెలవాలని ఆడే ఆటల్ని. మీవాడు ఆడేది మీరు చెప్పినదాన్ని బట్టి ఆ కోవలోది కాదు. ఆటలో ఎక్కడైనా పందెం వాసన వస్తే మాత్రం అది వేరే సంగతి.

ఫోన్ పగలగొట్టడం గురించి నా అనుభవం చెప్తాను, గొప్పగా చెప్పుకునేది కాదు. ఒక రాత్రి, పిలిచి పిలిచి విసుగొచ్చి, మనవడు ఆడుతుండగా వైఫై డబ్బా స్విచ్ కట్టేశాను. వాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మేడ మీద, పక్కింటి కుర్రాడి ఫోన్‌లో ఆడుతూ దొరికాడు. అంటే ఆట ఆగలేదు, నా కళ్ల ముందు నుంచి మాయమైంది, అంతే. తర్వాత వాడే చెప్పాడు, నలుగురు కలిసి ఆడేదాన్ని క్యారమ్స్‌లా సగంలో ఆపలేమట. మనం వెళ్లిపోయినా అది అక్కడ నడుస్తూనే ఉంటుంది, మధ్యలో మాయమైతే మిగతా ముగ్గురూ ఓడిపోతారు, మర్నాడు వీణ్ణి చేర్చుకోరు. ‘ఒక్క నిమిషం’ అని పిల్లలు అరిచేది అందుకేనని నాకు అప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి పదిహేను నిమిషాల ముందు చెప్తాను: “ఇప్పుడు మొదలుపెట్టినదే ఆఖరిది.” పది రోజులు గొడవపడ్డాడు, తర్వాత అలవాటైంది.

టైము మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. స్కూలున్న రోజు గంట, ఆదివారం రెండు గంటలు అనుకోండి. రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ మీ మంచం దగ్గర ఛార్జింగులో ఉండాలి. ఈ ఒక్కటి మాత్రం బేరం లేదు, ఎందుకంటే ఇంట్లో ఎవరూ చూడని రాత్రి వేళ ఆ ‘అన్న’ల్లాంటి వాళ్లకి అనువైనది. కంపెనీలు తల్లిదండ్రుల ఖాతా అని ఒక సదుపాయం ఇస్తున్నాయి. రాబ్లాక్స్‌లో అయితే పిల్లాడి స్నేహితులెవరో చూడొచ్చు, పిల్లాడి వయసుని బట్టి రోజుకి ఇంతసేపని, నెలకి ఇంత ఖర్చని హద్దు కూడా పెట్టే వీలుంటుంది. అది పెట్టడం రాకపోతే మీవాణ్ణే పెట్టి చూపించమనండి. దొంగచాటుగా పెట్టిన తాళం వాడు రెండు రోజుల్లో తీసేస్తాడు.

ఇది వ్యసనమేనా అని మీరు అడగలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది. ఎక్కువసేపు ఆడటమే జబ్బు అనలేదు వాళ్లు. ఆపుకోలేకపోవడం, తిండీ నిద్రా చదువూ అన్నీ దాని తర్వాతే కావడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు కొనసాగాలి. మీవాడు తింటున్నాడా, పడుకుంటున్నాడా, స్కూలుకి వెళ్తున్నాడా అన్నది మీరు రాయలేదు. వెళ్తున్నాడంటే నాకు పెద్ద టెన్షన్ లేదు. స్కూలు ఎగ్గొట్టి మరీ ఆడుతున్నా, ఫోన్ ఇవ్వకపోతే చేయి చేసుకునేదాకా వెళ్తున్నా, ఆలస్యం చేయకుండా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మార్కుల గురించి ఈ నెల అడగకండి. ఒకేసారి అన్ని వైపుల నుంచీ బిగిస్తే ఏదీ నిలవదు.

ఆ ‘అన్న’ సంగతి తేలాక నాకు మళ్లీ ఉత్తరం రాయండి. ఈసారి మీ ఫోన్‌లోనే, మీవాడి చేత టైప్ చేయించండి. ఆటలో వాడి ఇల్లు ఎలా ఉంటుందో వాణ్ణి కూడా నాకు నాలుగు ముక్కలు రాయమనండి. గుమ్మం ఏ వైపుందో, చెరువు ఎంత దూరంలో ఉందో ముందే చెప్పమనండి, నాకు ఈత రాదు.